మూడో గడి

హలసూరు వార్డు మార్కెట్ బాగుచేత గురించి
రాత్రి తొమ్మిదికి, కొట్లు కట్టేశాక, మీటింగు.
ఐ.టి.ఐ.లో టైపిస్టుగా చేసి రిటైరైన దాన్ని,
చేతిరాత బావుంటుందని నన్ను కూచోబెట్టారు
కోడిగుడ్ల అట్టపెట్టె ముందు.
నాలుగు భాషల్లో మాట్లాడతారు, రిజిస్టరు ఒకటే.
గళ్ళు మూడు: పేరు, షాపు నంబరు, సూచన.

రెండో గడి మొదట్లోనే నన్ను ఓడించింది.
చౌడమ్మకి నంబరు లేదు.
ముప్పయ్యేళ్ళుగా మూడో స్తంభానికి వీపు ఆనించి
మెంతి, కొత్తిమీర, సబ్బసిగె కట్టలమ్ముతుంది.
"స్తంభం అని రాయి" అంది.
రాశాను.

ప్లాను గీసిన పిల్ల, ఇంచర,
సగం మందికి కాగితం తలకిందులుగా కనబడుతోందని గ్రహించి
దాన్ని చుట్టేసి
ముగ్గుపిండి రెండు కేజీలు తెమ్మంది.
నేల మీదే, అసలు కొలతల్లో, రాబోయే మార్కెట్ గీసింది.
ఇది కాలువ. ఇది తోపుడుబండి దారి.
ఇదిగో నీ అరుగమ్మా, రెండున్నర అడుగుల ఎత్తు.
చౌడమ్మ గీత లోపలికి నడిచి, చతికిలబడి, చుట్టూ చూసింది.
"అంత పైన కూకుంటే నా కాళ్ళు యాడ పెట్టుకోవల్ల తల్లీ?
బేరమాడేదాని మొకం నాకెట్ల కనపడుతుంది?"
అరుగు ఎత్తు తగ్గించాలి, అని రాశాను.
మొకం సంగతి గడిలో పట్టలేదు.

ఎదురు అపార్ట్‌మెంటు హరినాథ్ గారికి
కార్లకి చోటు కావాలి, వాసన వద్దు.
సెల్వమేరి చేపల బుట్ట మీద చెయ్యి పెట్టుకుని అంది:
"సారుకి వాసన వద్దు,
ఆదివారం మొదటి వంజరం ముక్క మటుకు ఆయనకే తీసిపెట్టాలి."
అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.
కార్ల చోటు మాత్రం వదల్లేదు.
అదీ రాశాను.

పూల తాయప్పకి చూపు లేదు.
"మల్లెలు దాటితే మాంసం, మాంసం దాటితే కాఫీపొడి మర.
గోడలు ఎట్లైనా కట్టుకోండి సామీ,
వరస మార్చొద్దు. నేను ముక్కుతో నడుస్తా."

అందరూ లేచి బట్టలు దులుపుకుంటుంటే
మునివెంకటప్ప వచ్చాడు, తలచుట్ట ఇంకా తియ్యకుండా.
హమాలీ. పేరు చెప్పాడు.
నంబరు దగ్గర ఆగాడు.
సూచన దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు.
"ఒక దిమ్మె" అన్నాడు.
ఎక్కడ?
"గేటు పక్కన. భుజమెత్తు.
మూట దించాలంటే ప్రతిసారీ ఎవర్నో పిలవల్ల.
ఎవడి పని వానికుంటుంది.
దిమ్మె ఉంటే నేనే దించుకుంటా, నేనే ఎత్తుకుంటా."

దర్జీ ఖయ్యూం మెడలో టేపు తీశాడు.
నేల నుంచి భుజానికి నాలుగడుగుల ఐదంగుళాలు.
"ఉత్తగా కొలిస్తే ఎట్ల?" అన్నాడు మునివెంకటప్ప.
ఇద్దరు పట్టి ఉల్లిగడ్డల మూట తలకెత్తారు.
మళ్ళీ కొలిచారు: నాలుగడుగుల మూడున్నర.
ఇంచర రెండంకెలూ రాసుకుంది.
నేను దిమ్మె అని మాత్రం రాశాను.

తెల్లారేసరికి లారీలు, కాళ్ళు, కడిగిన నీళ్ళు
ముగ్గుని తినేశాయి.
పాలకని వెళ్ళినదాన్ని నిలబడిపోయాను.
చౌడమ్మ స్తంభం వదిలి రెండడుగులు లోపలికి జరిగి కూచుంది,
వీపుకి ఏ ఆనిక లేకుండా,
బండి దారికి చోటిచ్చి.
గీత చెరిగిపోయింది కదమ్మా, అన్నాను.
"చెరిగితే?" అంది, మెంతికట్టల మీద నీళ్ళు చల్లుతూ.

టెండరు ఇంకా రాలేదు.
పైకప్పు మాంసం కొట్టు మీద ఎప్పట్లాగే కారుతోంది.
గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారు, ఎవర్నీ పేరు పెట్టకుండా.
పాలపాకెట్లు గట్టు మీద పెట్టి వెళ్ళాను.
ఒక పక్క గుడ్ల కొట్టు కుర్రాడు, ఒక పక్క నేను.
మూట కిందికి వచ్చింది.
మునివెంకటప్ప భుజం పైకి లేచింది
ఒకటిన్నర అంగుళం.